రెండు నలభై ఒకటికి తీసిన ఫొటో

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. నా కూతురికి ఊపిరి ఆడని సమయానికి మా బండి వాకిట్లో లేకపోవడం.

చీకటంటే భయం లేదు, బల్లులంటే లేదు, మా అత్తయ్యంటే కూడా ఈమధ్య తగ్గింది. ఈ ఒక్క భయం మాత్రం నాకంటే ముందే నిద్రలేచి కూర్చుంటుంది. పొద్దున్నే కిటికీ తెర పక్కకి లాగి వ్యాను ఉందో లేదో చూస్తాను. తర్వాత మంచం మీద పిల్ల పొట్ట పైకీ కిందకీ కదులుతోందో లేదో చూస్తాను. ఈ రెండిట్లో ఏది ముందు చూడాలన్న దాని మీద నాలో నాకే చాలాకాలం తగువు నడిచింది.

పిల్లకి మూడేళ్ళు. దాన్ని ఇంట్లో అందరం పిడుగు అంటాం. మా ఆయన ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేస్తారు. ఆయనకి వేరే కొట్టు లేదు, వ్యానే కొట్టు. అది కొనేటప్పుడు మా అన్నయ్య సాయం చేశాడని బండి నా పేరు మీద రాయించారు. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. మానేశాను అనడం కంటే మాన్పించారు అనాలి. అయినా చేతిరాత మాత్రం నాతోనే వచ్చేసింది. మా ఆయన రాస్తే కోడి గీకినట్టుంటుంది కాబట్టి బిల్లులన్నీ నేనే రాస్తాను.

రెండేళ్ళ కిందట నాలుగో అంతస్తు గదిలోంచి ఇప్పుడున్న కింది వాటాకి మారాం. మారిన వారంలోనే అన్నిచోట్లా అడ్రసు మార్పించాను. పిల్ల టీకాల కార్డులో, గ్యాసు వాళ్ళ దగ్గర, పాలవాడి దగ్గర, చివరికి పాత బట్టలు కొనే ఆవిడ దగ్గర కూడా. బండి మీదైతే దగ్గరుండి మార్చాను. రెండు పక్కలా, వెనక తలుపు మీదా ఉన్న పాత అడ్రసు గీకించి, అట్టముక్కల్లో అక్షరాలు కత్తిరించి, నీలం పెయింటుతో కొత్త అడ్రసు నా చేత్తో వేశాను. సున్నాలు గుండ్రంగా రావడానికి మందు సీసా మూత వాడాను. ఆయన పదడుగులు వెనక్కి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు.

"ఇంక మన అడ్రసు తెలియనివాడు ఈ ఊళ్ళో ఉండడు" అన్నారు.

మా పొరపాటు సరిగ్గా అక్కడే ఉంది. మాకు బండి అడ్రసంటే బండి ఒంటి మీద రాసిందే. స్టీరింగు పక్క అరలో, ప్లాస్టిక్ కవర్లో, బండి రిజిస్ట్రేషన్ కాగితం ఒకటి ఉందనీ, అందులో నా పేరు కింద పాత నాలుగో అంతస్తే ఉండిపోయిందనీ మాకు తట్టలేదు. ఆ కవరు తీసిందే లేదు. దాని మీద స్క్రూల డబ్బా పెట్టి ఉండేది.

ఇక ఆ రోజు సంగతి. పదకొండు నెలలైంది. పిల్లకి పొద్దున్నించీ ఒళ్ళు కాలిపోతోంది. తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. ఆయన అప్పుడే భోజనానికి వచ్చి చేతులు కడుక్కుంటున్నారు. ఉన్నట్టుండి పిల్ల కళ్ళు పైకి తిరిగాయి. కాళ్ళూ చేతులూ కర్రల్లా బిగుసుకుపోయాయి. పెదాలు సిరా తాగినట్టు నీలంగా అయిపోయాయి. నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు, ఆ వీధి మొత్తానికి మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఆయన మా ఇద్దర్నీ కలిపి ఎత్తినంత పనిచేసి "ఎక్కు" అన్నారు. ఆసుపత్రికి చేరేదాకా ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

ఆ దారి నాకు తెలియదు. అంటే, ఎటు వెళ్ళామో, ఎన్ని సందులు తిరిగామో, ఏమీ తెలియదు. వెనకాల ఎవరిదో పాత ఫ్రిజ్ మోటారు అటూ ఇటూ దొర్లుతూ దబ్ దబ్ మన్నది తెలుసు. నా ఒళ్ళో పిల్ల మొహం తెలుసు. మధ్యలో ఎక్కడో ముందు అద్దం మీద తెల్లగా మెరిసింది. ఎండ అనుకున్నాను.

డాక్టరు నెమ్మదైన మనిషి. జ్వరం ఎక్కువైతే ఈ వయసు పిల్లల్లో కొందరికి ఇలా ఫిట్స్ వస్తాయనీ, పెద్దయ్యేకొద్దీ పోతాయనీ చెప్పాడు. "మళ్ళీ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి, ఐదు నిమిషాల్లో ఆగకపోతే వెంటనే తీసుకురండి" అన్నాడు. అన్ని మాటల్లో నాకు వినపడింది మళ్ళీ వస్తే అన్నంత వరకే. అప్పట్నించీ ఆ రోజు ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ నాలుగు మడతలు పెట్టి నా సంచిలోనే తిప్పుతున్నాను. మళ్ళీ వెళ్ళాల్సి వస్తే పాత చీటీ ఉంటే తొందరగా చూస్తారని నా ఆశ.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఆయన ఫోను చేశారు.

"బండి పట్టుకున్నారు."

"ఎవరు?"

"ఎవరంటే, రోడ్డు మీద ఆపేవాళ్ళే. ఎప్పటిదో స్పీడు చలానా అట. మూడు ఉత్తరాలు పంపారట, ఒక్కదానికీ మనం జవాబివ్వలేదట."

"మనకి ఉత్తరాలెక్కడ వచ్చాయి?"

"నేనూ అదే అన్నాను. వచ్చాయంటున్నారు. రేపు సాయంత్రంలోగా ఆఫీసుకెళ్ళి తేల్చుకోకపోతే మూడు నెలలు బండి యార్డులోనే ఉంటుందట. నా లైసెన్సు కూడా ఆపేస్తారట."

వెనక నించి ఒకావిడ గొంతు వినపడింది. "నా మెషీన్ సంగతి అడగవయ్యా ముందు. అందులో తడి దుప్పట్లున్నాయి, కంపు కొడతాయి."

"ఈవిడొకరు" అన్నారాయన మెల్లగా. "మెషీన్‌తో పాటు బండెక్కి వచ్చారు. ఇప్పుడు దిగనంటున్నారు. సరే గానీ, బండి నీ పేరు మీద ఉంది కాబట్టి ఆఫీసుకి నువ్వే వెళ్ళాలట. ఎలాగూ అలాంటి చోట నాకు నోరు పెగలదు."

మూడు నెలలు. ఫోను పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో నూనె మరక ఒక్కటే ఉంది. దాని వైపే చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్న పిల్లకి చెప్పులు తొడుగుతుంటే అత్తయ్య అడ్డొచ్చారు.

"దాన్నెక్కడికే? ఆఫీసులో ఆడుకోడానికా?"

"నా దగ్గరుంటే నాకు ధైర్యం అత్తయ్యా."

"ముగ్గుర్ని పెంచాను. ముగ్గురూ ఊపిరి తీస్తూనే ఉన్నారు. ఒక్కపూట నీ కూతుర్ని చూడలేనా?"

"మీరు చూస్తారు. నేనే ఉండలేను."

"నీకేమో బండి కళ్ళముందుండాలి, పిల్ల కళ్ళముందుండాలి. మొగుడు మాత్రం ఎక్కడున్నా పరవాలేదు" అంటూనే ఆవిడ పిల్ల జేబులో రెండు బిస్కట్లు కుక్కారు.

ఆఫీసులో కింద గదినిండా జనం. గంటన్నర తర్వాత నా వంతు వచ్చింది. కౌంటర్లో కుర్రాయన నంబరు కొట్టి చూసి పెదవి విరిచాడు.

"మూడో ఉత్తరం కూడా దాటిపోయింది కదండీ. ఇది ఇక్కడ తేలదు. పైన ఫొటోలమ్మ దగ్గరికెళ్ళండి."

"ఫొటోలమ్మ ఎవరండీ?"

"కెమెరాలు తీసినవన్నీ ఆవిడ కళ్ళముందు నించి వెళ్ళాల్సిందే. ఆవిడ చూసి సరే అంటేనే ఎవరికైనా కాగితం వెళ్తుంది."

అప్పటిదాకా నేను ఆ పని యంత్రమే చేస్తుందనుకున్నాను. స్తంభం మీద పెట్టె ఫొటో తీస్తుంది, ఇంకో పెట్టె కాగితం పంపుతుంది, మధ్యలో మనిషి ఉండడని.

మేడ మీద పొడుగాటి గది. తెరలు సగం వేసి ఉన్నాయి. చివరి బల్ల దగ్గర యాభై ఐదేళ్ళ ఆవిడ, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, పక్కన కంట్లో వేసుకునే చుక్కల సీసా. ఎదురుగా తెర మీద ఫొటోలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ప్రతిదాంట్లో ఒక బండి, అద్దం వెనక ఒక మొహం. ఆవలిస్తున్నవాళ్ళు, తల దువ్వుకుంటున్నవాళ్ళు, పక్కవాళ్ళ మీద అరుస్తున్నవాళ్ళు. ఆవిడ ఒక్కో దాని మీద మూడు నాలుగు క్షణాలు ఆగి మీట నొక్కుతున్నారు.

"ఒక్క నిమిషమమ్మా" అన్నారు తల తిప్పకుండా. "నంబరు సరిగ్గా చదివిందో లేదో, అంబులెన్సో ఫైరింజనో కాదు కదా అని చూడాలి. రోజుకి ఎనిమిది వందలు."

రోజుకి ఎనిమిది వందల మొహాలు. ఎవరికీ తాము కనపడుతున్నామని తెలియదు. నాకెందుకో గొంతు తగ్గిపోయింది, ఆసుపత్రి వరండాలో తగ్గినట్టు.

కింద కుర్రాయన రాసిచ్చిన చీటీ నా చేతిలోంచి తీసుకుని నంబరు కొట్టారు. కొట్టాక ఆవిడ చెయ్యి మీటల మీదే ఆగిపోయింది. నా వైపు తిరిగి నా మొహం చూడలేదు. నా పక్కన చూశారు. తర్వాత నా చేతుల వైపు చూశారు. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"కూర్చోమ్మా" అన్నారు.

కూర్చున్నాను. ఆవిడ కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇంట్లో... పిల్లలున్నారా?"

ఎంత జాగ్రత్తగా అడిగారంటే, ఆ మాట ఎక్కడైనా కోసుకుంటుందేమో అన్నట్టు. నేను జవాబు చెప్పేలోగానే బల్ల కింద వైర్లు లెక్కపెడుతున్న మా పిడుగు తల పైకెత్తింది. మూతంతా బిస్కట్ పొడి.

"అమ్మా, ఈ మామ్మ దగ్గర టీవీ ఉంది. బొమ్మలు రావట్లేదు, అన్నీ కార్లే."

ఆవిడ దాన్ని చూశారు. కుర్చీ వెనక్కి జరిపి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, దాని ముందు కింద కూర్చుండిపోయారు. ఆఫీసులో, నేల మీద, అంత పెద్దావిడ. పిల్ల గడ్డం పట్టుకుని పెదాల వైపు చూశారు. ఎర్రగా ఉన్నాయి.

"పిడుగూ, నమస్తే చెప్పు" అన్నాను. "నీ పేరు పిడుగా?" అన్నారావిడ. "అవును మరి. పిడుగే."

తర్వాత తెర నా వైపు తిప్పారు.

మా వ్యాను ముందు భాగం. కింద మూలన తేదీ, టైము, రెండు నలభై ఒకటి. అద్దం వెనక మేం ముగ్గురం. నేను పిల్ల మీదికి వంగి ఉన్నాను, నా నోరు దాని నోటి దగ్గర ఉంది. దాని చెయ్యి ఒకటి నా భుజం మీంచి వేలాడుతోంది, గుడ్డబొమ్మ చెయ్యిలా. ఇంతవరకూ నాకు లోపలి నుంచి తెలుసు. బయటి నుంచి చూడటం ఇదే మొదలు. ఆ చేతికి ప్రాణం ఉందో లేదో నేనైనా చెప్పలేకపోయాను. నా పక్కనున్న పిల్ల కాలు గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు ఆయన్ని చూశాను. ఆ రోజు ఆయన మా వైపు ఒక్కసారైనా తిరగలేదని పదకొండు నెలలుగా నాకు లోలోపల గుచ్చుకుంటూనే ఉంది. రాయిలా రోడ్డు చూస్తూ నడిపారని. ఫొటోలో ఆయన రోడ్డే చూస్తున్నారు. మొహమంతా తడిసి మెరుస్తోంది. ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంది. రెండో చెయ్యి పిల్ల పాదాన్ని పట్టుకుని ఉంది. గుప్పిట్లో మొత్తం పాదం ఇమిడిపోయింది.

అంత వేగంలో, రెప్పపాటులో వందో వంతు. నాకు తెలియనిది, ఆయన చెప్పనిది, ఆ స్తంభం మీది పెట్టె చూసి పెట్టుకుంది. ఈవిడ చూశారు. ఇన్నాళ్ళూ మా ముగ్గుర్నీ ఇలా దాచిన చోటు ఒకటుందని తెలియక నేను బట్టలుతుక్కుంటూ, బిల్లులు రాసుకుంటూ బతికాను.

"ఎందుకు జవాబు రాయలేదమ్మా?" అన్నారావిడ. "ఇలాంటివాళ్ళు ఆసుపత్రి కాగితం జతచేసి ఇరవై ఎనిమిది రోజుల్లో రాస్తే సరిపోయేది."

"ఉత్తరాలు రాలేదండీ. మేం ఇల్లు మారాం."

"మరి అడ్రసు మార్పించలేదా?"

"మార్చామండీ. బండి మీద రాశాం."

"బండి మీద ఎక్కడ?"

"రెండు పక్కలా, వెనకాలా. నీలం రంగుతో."

ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏమిటో తెలియలేదు. "మా కెమెరా ముందు నించి తీస్తుంది తల్లీ. జానెడు పక్కకి తిరిగుంటే నీ అడ్రసు చదివి నేనే వచ్చేదాన్ని. మాకు తెలిసేది రిజిస్ట్రేషన్‌లో ఉన్నదొక్కటే. మీరు కదిలితే అది దానంతటది కదలదు."

సంచిలోంచి ఆసుపత్రి చీటీ తీసి ఇచ్చాను. మడతల దగ్గర చిరిగిపోయి నాలుగు ముక్కలుగా వేలాడుతోంది. ఆవిడ దాన్ని బల్ల మీద పరిచి, చేర్చుకున్న టైము మీద వేలు పెట్టారు. రెండు యాభై రెండు. తెర మీది టైము చూశారు.

"పదకొండు నిమిషాలు" అన్నారు. వేలు తీయకుండానే, "నలభైలో వెళ్ళాల్సిన చోట ఎనభై మూడులో వెళ్ళారు. అది పిల్లలు బడి నించి దాటే చోటు. ఆ నిమిషంలో ఎవరూ దాటలేదు. దాటుంటే ఈ ఫొటో నేను ఇంకోలా చూడాల్సొచ్చేది."

నేను తల ఊపాను. ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఇంకొకరి పిల్ల.

చీటీ తీసుకుని ఆవిడ లోపల అధికారి గదికి వెళ్ళారు. నలభై నిమిషాలు. తలుపు అద్దంలోంచి ఆవిడ నిలబడి మాట్లాడటం కనిపిస్తూనే ఉంది. ఒకసారి వేలు మా వైపు చూపించారు. అధికారి మెడ సాచి చూశాడు. పిల్ల చెయ్యి ఊపింది. సంతకం పెట్టిన కాగితంతో ఆవిడ బయటికొచ్చారు.

"బండి వదులుతారు. కానీ పోయిన నెలది ఇంకోటుంది, అది మాత్రం కట్టాలి. దానికి ఏ ఆసుపత్రీ లేదు."

రెండో ఫొటో చూపించారు. ఆయన ఒక్కరే. నోరు బారెడు తెరిచి, తల వెనక్కి వేసి, పాట పాడుతున్నారు. ఇంట్లో ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు. మారు మాట్లాడకుండా కట్టేశాను.

అడ్రసు మార్పు ఫారం ఇచ్చారు. బండి మీద వేసినట్టే గుండ్రంగా రాశాను. ఆవిడ రాత చూసి "బావుంది" అన్నారు. అప్పుడడిగాను, మూడో ఉత్తరం ఇంత ఆలస్యంగా ఎందుకు వెళ్ళిందని. కింద కుర్రాయన ఆరు నెలల కిందటే వెళ్ళాల్సిందని గొణిగాడు.

"నా దగ్గరే ఆపుకున్నాను" అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "మీ దగ్గర్నించి జవాబు లేదు. పాప దక్కలేదేమో అనుకున్నా. బిడ్డ పోయిన ఇంటికి మూడోసారి జరిమానా కాగితం ఎలా పంపను? పోయిన నెల లెక్కలు చూసేవాళ్ళు వచ్చి పట్టుకున్నారు, పంపక తప్పలేదు."

"మాలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అండీ?" అన్నాను.

"ఫొటో చూపించకూడదు" అన్నారు. చూపించలేదు. కళ్ళు మూసుకుని చెప్పారు.

యార్డు గేటు దగ్గర ఆయన, పొద్దున్నే మళ్ళీ వచ్చిన దుప్పట్లావిడతో కలిసి బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ ఆయనకి దుప్పట్ల గురించి చెబుతున్నారు. మెషీన్ దింపి, ఆవిణ్ణి దింపి, బండిలో మేం ముగ్గురం మిగిలాక, ఆయన్ని అడిగాను.

"ఆ రోజు పిల్ల కాలు పట్టుకున్నారు కదూ?"

"ఏ రోజు?"

"ఫొటోలో ఉంది."

"గేరు మార్చే పని లేదేమో అప్పుడు."

"ఏడ్చారు కూడా."

"ఎండ" అన్నారాయన. కొంచెం దూరం వెళ్ళాక, "ఇంకేముంది ఫొటోలో?" అన్నారు.

"రెండో దాంట్లో పాడుతున్నారు."

ఆ తర్వాత ఆయన ఇంటిదాకా నలభై దాటలేదు.

దారిలో పాత ఇంటి దగ్గర ఆగాం. మెట్ల కింద ఉత్తరాల పెట్టెలు అలాగే ఉన్నాయి. మా పాతదానికి ఇప్పుడు తాళం లేదు, లోపల బూజు. కాగితాల మధ్యలో నా పేరుతో నాలుగు కవర్లు, మూడు ఆ రోజువి, ఒకటి పాటది. పుట్టి బుద్ధెరిగాక నా పేరుకి వచ్చిన ఉత్తరాలు అవే. మెట్టు మీద కూర్చుని విప్పాను. మొదటి దాంట్లో అచ్చు అక్షరాలే. రెండోదాని కింద, అచ్చంతా అయిపోయాక, నీలం సిరాతో, వాలు అక్షరాలతో చేత్తో రాసి ఉంది.

పాప ఎలా ఉంది? ఒక్క ముక్క రాయండి.

మూడోదాని కింద ఏమీ లేదు. ఖాళీ. ఆ ఖాళీని నేను చాలాసేపు చూశాను.

మర్నాడే ఆవిడకి జవాబు రాశాను. పదకొండు నెలల ఆలస్యంగా, ఒక్క ముక్కే. పాప బాగుంది. కింద నా పేరు, మా కొత్త అడ్రసు.

ఇది చదువుతున్నవాళ్ళకి ఒక మాట. ఫొటోలమ్మ కళ్ళు మూసుకుని చెప్పిన బండి ఇది. ఆకుపచ్చ చిన్న కారు. ముందు అద్దానికి ఒక మూల బీట, దాని మీద గోధుమరంగు టేపు. నడుపుతున్నది పదిహేడు పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, పెదవి కొరుక్కుంటోంది. పక్క సీట్లో ఒకాయన, తండ్రి కావచ్చు, తల అద్దానికి ఆనించి, గుండె దగ్గర చొక్కా గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడట. పొద్దున్న ఏడూ పది. ఏడాదిన్నర అయింది. వాళ్ళకి పంపిన ఉత్తరాలన్నీ ఈ అడ్రసులో లేరని తిరిగొచ్చేస్తున్నాయి. మీ వీధిలోనో, మీ మెట్ల కిందో అలాంటి కారు ఉంటే, ఒక్కసారి ఆ తలుపు తట్టండి. ఆయన ఎలా ఉన్నారో, ఆ అమ్మాయి ఎలా ఉందో చూసి రండి.